చెంచు గుడిసె – హైమన్‌డార్ఫు

ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుము అని మన పెద్దలు చెప్పుదురు. ఇల్లు కట్టుట యంత కష్టమైన పనియని దాని భావము. కలప, సున్నము కొనవలెను. వడ్రంగిని, తాపీపనివానిని పిలువవలెను. చేతిలోని ధనము చాలకున్న అప్పు చేయవలెను. కాని మన నల్లమల యడవిలో, గొడ్డలియు కత్తియు తప్ప వేరు పనిముట్టు లేకుండ, తమ చేతులతోనే తమ యిండ్లను కట్టుకొనిన జనులు తరతరములుగా నివసించిరి. వారే చెంచులు. వారి గుడిసెను చిన్నచూపు చూడక, అది నిలుచుట కేమేమి కావలెనో గ్రహించి, లోకమునకు తెలిపిన పండితుడు హైమన్‌డార్ఫు.

క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫు 1909వ సంవత్సరమున ఆస్ట్రియా దేశపు రాజధానియగు వియన్నా నగరమున జన్మించెను. అచ్చటి విశ్వవిద్యాలయమున మానవశాస్త్రము నభ్యసించి, పిమ్మట లండను నగరమున మలినోవ్‌స్కీ యను ప్రసిద్ధ శాస్త్రవేత్త యొద్ద శిక్షణ పొందెను. ఒక జాతి జీవితమును తెలిసికొనవలెనన్న గ్రంథములు చదివిన చాలదు, ఆ జనుల నడుమ నివసింపవలెనని ఆయన నమ్మకము. అందుచే 1936లో మన దేశమునకు వచ్చి, ఈశాన్యమునందలి నాగా కొండలలో కొన్యక్ నాగుల మధ్య కొంతకాలము గడపెను. ఆ యూళ్లలో యువకులు నివసించు విశాలమైన శాలలను, చెక్కడపు పని గల దూలములను, స్తంభములను ఆయన చూచెను. 1938లో ఎలిజబెత్ అను నామెను వివాహమాడెను. బెట్టీ యని పిలువబడు ఆ యిల్లాలు పిమ్మట భర్త చేసిన ప్రతి యడవి ప్రయాణమునను తోడుగా నుండెను.

1939లో దంపతు లిరువురును మరల భారతదేశమునకు వచ్చిరి. ఇంతలో రెండవ ప్రపంచ యుద్ధము ప్రారంభమయ్యెను. అంతకు ముందటి సంవత్సరమే జర్మనీ ఆస్ట్రియాను కలుపుకొనుటచే హైమన్‌డార్ఫు చేతిలో జర్మను పాస్‌పోర్టు ఉండెను. బ్రిటిషు ప్రభుత్వమునకు ఆయన శత్రుదేశపు పౌరుడయ్యెను. స్వదేశమునకు పోవుటకు వీలు లేదు. దేశమంతట స్వేచ్ఛగా తిరుగుటకును వీలు లేదు. అయినను హైదరాబాదు రాజ్యమున నుండుటకును, అచ్చటి గిరిజనులను గూర్చి పరిశోధన చేయుటకును ఆయనకు అనుమతి లభించెను. తన యింటికి దూరమై, హద్దులలో బంధింపబడిన ఆ పండితుడు 1940లో అమ్రాబాదు పీఠభూమికి చేరెను.

అమ్రాబాదు అప్పుడు మహబూబునగరు జిల్లాలోనిది. 2016 నుండి నాగర్‌కర్నూలు జిల్లాలో నున్నది. మన్ననూరు దాటి పైకి పోయినచో దట్టమైన యడవి, లోతైన లోయలు, దక్షిణమున కొండలను చీల్చుకొని పారు కృష్ణానది కానవచ్చును. ఆ యడవిలో అక్కడక్కడ కొన్ని గుడిసెల గుంపులు గలవు. చెంచులు వానిని పెంట లందురు. చెంచులు మాటలాడునది మన తెలుగే. వారు దుంపలు త్రవ్వి, ఇప్పపూవు ఏరి, కొండ చరియలనుండి త్రాళ్లతో దిగి తేనె తీసి, విల్లమ్ములతో వేటాడి జీవించుచుండిరి. హైమన్‌డార్ఫు దంపతులు పెంటల చెంత విడిది చేసి వారి బ్రతుకును నిశితముగా పరిశీలించిరి.

చెంచు గుడిసె గుండ్రముగా నుండును. దాని కప్పు పైకి పోనుపోను సన్నగిలి మొనదేలి యుండును. ముందుగా నీరు దగ్గరగా నున్న స్థలమును ఎంచుకొని, నేల చదును చేయుదురు. పిమ్మట వలయాకారముగా గుంజలు పాతి, వాని నడుమ చీల్చిన వెదురును, సన్నని కొమ్మలను అల్లి దడి కట్టుదురు. అదియే గోడ. ఒక చోట ద్వారమునకై చోటు విడుతురు. ఆ గోడమీద వాసములను నిలిపి, వాని కొనల నన్నింటిని పైన ఒక్కచోట చేర్చి బిగించి కట్టుదురు. ఇనుప మేకుతో పని లేదు; చెట్టు పట్టనుండి తీసిన నారయే బంధము.

తరువాత గడ్డి కప్పవలెను. ఈ పనిలోనే నేర్పంతయు నున్నది. గడ్డి కప్పుట ఎల్లప్పుడును క్రింది అంచున ప్రారంభించి పైకి సాగవలెను. పై వరుస క్రింది వరుసను కొంత కప్పుచు రావలెను. అట్లయిననే వాననీరు ఒక వరుసమీదనుండి మరియొక వరుసమీదికి జారి నేలను జేరును. వరుస తలక్రిందైనచో నీరు లోనికే దిగును. చివరకు కొనయందు గడ్డిని గట్టిగా ముడివేసినచో ఇల్లు పూర్తియైనట్లే. గుండ్రని గోడకు మూలలు లేవు గనుక పెనుగాలి దానిని ఒరసి ప్రక్కకు జారిపోవును. లోపలి పొయ్యినుండి లేచు పొగ గడ్డి సందులగుండ పైకి పోవుచు పురుగులను పారద్రోలును. ఇవి యేవియు చెంచులు బడిలో నేర్చినవి కావు. తండ్రి చేయుచుండగా కుమారుడు, తల్లి చేయుచుండగా కూతురు చూచి నేర్చినవే.

నాగుల మహాశాలలను చూచిన కన్నులతో ఈ చిన్న గుడిసెను చూచినపుడు హైమన్‌డార్ఫు దానిని తక్కువగా నెంచలేదు. చెంచులు ఏడాది పొడుగున ఒకే చోట నుండువారు కారు. ఎండకాలమున నీరున్న తావులకును, ఇప్పపూవు రాలు తావులకును పోయి, ఆకుల పందిళ్ల క్రింద కాలము గడపుదురు. ఒక పెంటలో మనస్పర్ధ కలిగినచో మరియొక పెంటలోని బంధువుల చెంతకు చేరుదురు. అట్టివారికి ఒక కుటుంబము తానే కట్టుకొనగల యిల్లే తగినది. దుఃఖము లేక విడిచిపోగల యిల్లే తగినది.

కాని ఆ యింటి కొక గొప్ప లోపము కలదు. దానికి గోడయు, కప్పును, బంధమును అడవియే. వెదురు కొట్టుటకు, గడ్డి కోయుటకు అనుమతి లేకున్నచో ఎంత నేర్పు గల చేతులైనను ఏమి చేయగలవు? ఆ రోజులలో ప్రభుత్వము అడవులకు హద్దులు గీచి, కట్టుబాట్లు పెంచుచుండెను. మైదానపు వర్తకులును లోనికి చొచ్చి వచ్చుచుండిరి. చెంచులకు తమ యడవిలో హక్కు నిలువనిదే వారి జీవనము నిలువదని హైమన్‌డార్ఫు నిజాము ప్రభుత్వమునకు నివేదించెను. ఆ నివేదిక ఫలితముగా అమ్రాబాదు పీఠభూమిపై కొంత యడవి చెంచుల నివాసమునకై ప్రత్యేకింపబడెను. చెంచులను గూర్చి ఆయన వ్రాసిన గ్రంథము 1943లో వెలువడెను.

ఇదే సమస్య ఆదిలాబాదు జిల్లాలో మరింత ఘోరరూపము దాల్చెను. అటవీ హద్దుల పేరిట గోండుల యూళ్లను ఖాళీ చేయించి, ఇండ్లను తగులబెట్టుటయు జరిగెను. ఆ యన్యాయము నెదిరించిన కొమురం భీము 1940లో జోడేఘాటు వద్ద నేలకొరిగెను. ఆ పిమ్మట హైమన్‌డార్ఫు ఆ ప్రాంతమునకు పోయి, మార్లవాయి గ్రామమున గోండుల నడుమ గడ్డి కప్పిన యింట భార్యతో నివసించెను. 1943లో అచ్చట గోండు ఉపాధ్యాయులకు శిక్షణ ప్రారంభమయ్యెను. గోండు భాషలోనే వాచకములు సిద్ధము చేయబడెను. 1945లో ఆయన నిజాము ప్రభుత్వమునకు గిరిజనుల విషయమున సలహాదారయ్యెను. ఆ కాలమున వేలాది గిరిజన కుటుంబములకు భూమి పట్టాలు లభించెను. శత్రుదేశపు పౌరుడని అనుమానింపబడినవాడే నోరులేని జనులకు వాక్కయ్యెను.

తరువాత హైమన్‌డార్ఫు లండను విశ్వవిద్యాలయమున ఆచార్యుడై 1976 వరకు పనిచేసెను. అయినను మన యడవులను మరువలేదు. పలుమారులు తిరిగి వచ్చి, తాను పూర్వము చూచిన తెగల స్థితిగతులను మరల పరిశీలించి, వారి మనుగడ పోరాటమును గూర్చి 1982లో మరియొక గ్రంథమును ప్రకటించెను. బెట్టీ 1987లో హైదరాబాదులో కన్నుమూసెను. ఆమె సమాధి మార్లవాయిలో నున్నది. హైమన్‌డార్ఫు 1995లో లండనులో మరణించెను. పిమ్మట ఆయన అస్థికలును మార్లవాయికే చేరెను.

చెంచుల యడవి 1983లో పులుల సంరక్షణ కేంద్రములో భాగమయ్యెను. అడవిలో నివసించువారి హక్కులను గుర్తించుచు మన పార్లమెంటు 2006లో శాసనము చేసెను. పులియు బ్రతుకవలెను, చెంచును బ్రతుకవలెను. ఈ రెండింటిని పొసగించుట సులభమైన పని కాదు.

విద్యార్థులారా! అడవి దారిలో ఒక గడ్డి గుడిసె కానవచ్చినపుడు అది పేదరికపు గుర్తని మాత్రమే తలపకుడు. దానిలో ఒక జాతి నేర్పు, ఓర్పు, పరస్పర సహాయము అల్లుకొని యున్నవి. పని నేర్చిన చేతులు ఇంటిని నిలుపును. ఆ చేతులకు దక్కవలసిన హక్కును నిలుపుట తక్కినవారి ధర్మము. హైమన్‌డార్ఫు జీవితము మనకు బోధించునది ఇదియే.