కండరాల శక్తి గుట్టు విప్పిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

జనవరి 12 డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జయంతి సందర్భంగా ప్రత్యేక వ్యాసం

జీవరసాయన శాస్త్రానికి తెలుగునేల అందించిన మేధావి డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో జన్మించారు. మద్రాసు వైద్య కళాశాలలో చదువుతుండగా గాంధీజీ పిలుపునందుకుని ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహానికి గురైనందున, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. అనంతరం అమెరికా వెళ్ళి హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్ వద్ద పరిశోధనకు ఉపక్రమించారు.

భాస్వరాన్ని రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని వీరిరువురూ 1925లో ప్రకటించారు. నేటికీ అది ఫిస్క్-సుబ్బారావు పద్ధతిగా ప్రసిద్ధం. దానిని కండర సారానికి ప్రయోగించినపుడు నీలిరంగు రావలసినంత వేగంగా రాలేదు. మరొకరైతే పొరపాటని వదలివేసేవారేమో! వారు కారణం అన్వేషించగా, అంతవరకు అకర్బన ఫాస్ఫేటుగా లెక్కిస్తూ వచ్చిన దానిలో అధికభాగం ఆమ్లంలో సులభంగా విచ్ఛిన్నమయ్యే ఫాస్ఫోక్రియేటిన్ అని 1927లో తేలింది. కండరం పనిచేసినపుడు అది తరిగిపోయి, విశ్రాంతిలో తిరిగి సమకూరుతున్నట్లు గుర్తించారు. కండర సంకోచానికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న నాటి సిద్ధాంతం దీనితో సడలింది. 1929లో ఎ.టి.పి.ని సైతం వారు కండరం నుండి వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ స్వతంత్రంగా దానిని కనుగొన్నారు.

ఇంతటి కృషి చేసినా హార్వర్డ్‌లో స్థిరమైన ఆచార్య పదవి దక్కలేదు. 1940లో లెడర్లే ప్రయోగశాలలో చేరి ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్ పరిశోధనలకు సారథ్యం వహించారు. మన కోస్తా జిల్లాలలో బోదకాలు నివారణకు పంపిణీ అయిన డి.ఇ.సి. మాత్ర సైతం ఆయన బృందం కృషి ఫలితమే. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయసులో, న్యూయార్క్‌లో కన్నుమూశారు.

ఆనాడు కండరాన్ని కోసి, సారం తీసి తెలుసుకున్నదానిని నేడు కోత లేకుండానే చూడగలుగుతున్నారు. 1974లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు అయస్కాంత క్షేత్రంలో భాస్వర పరమాణువుల సంకేతాలను గ్రహించి, ఎలుక కండరంలోని ఈ పదార్థాలను యథాతథంగా గుర్తించారు. అనంతరం మాగ్నెటిక్ రెజొనెన్స్ స్పెక్ట్రోస్కోపీ మానవులకూ విస్తరించింది. యంత్రంలో పడుకున్న వ్యక్తి కాలితో వ్యాయామం చేస్తుండగా ఫాస్ఫోక్రియేటిన్ సంకేతం తగ్గుతుంది, అకర్బన ఫాస్ఫేటు సంకేతం పెరుగుతుంది, ఎ.టి.పి. దాదాపు నిలకడగా ఉంటుంది. వ్యాయామం ఆపిన తరువాత ఫాస్ఫోక్రియేటిన్ ఎంత త్వరగా కోలుకుంటుందో చూసి కండర వ్యాధులను అంచనా వేస్తున్నారు. సుబ్బారావు ప్రయోగశాలలో గమనించిన తరుగుదల, పునరుద్ధరణలే తెరపై కనిపించే ఈ రేఖలు.

ఆయన శతజయంతి సందర్భంగా భారత తపాలా శాఖ 1995లో స్మారక తపాలా బిళ్ళను విడుదల చేసింది.