బోయజు కనబడని పొలము
చిత్రకారుడు మిల్లే జీవితము

ధ్యానభాగము: రూతు 2వ అధ్యాయము, లేవీయకాండము 19:9, 10



రూతు గ్రంథము రెండవ అధ్యాయమును మన పల్నాటి స్త్రీలకు ఎవరును వివరించి చెప్పనక్కరలేదు. కోత ముగిసిన చేనిలో కొంగు ఒడి కట్టుకొని, నడుము వంచి, రాలిన జొన్న వెన్నులను ఏరి తెచ్చి బిడ్డలను పెంచిన అవ్వలు మన సంఘములలో ఎందరో ఉండిరి. శ్రీనాథ కవి ఈ సీమకు వచ్చి జొన్నకూడు తప్ప మరేమియు దొరకదని ఎగతాళి చేసెనని చెప్పుకొందురు. వెన్ను విలువ ఏరినవారికి తెలిసినట్లు కవికి తెలియదు గదా! 1967లో సాగరు నీరు కాలువలకు వచ్చిన తరువాత పైరులు మారినవి. ఇప్పుడు స్త్రీలు అదే ఒడి కట్టుకొని కూలికి ప్రత్తి తీయుచున్నారు, మిరపకాయలు కోయుచున్నారు.

అట్లు వంగిన నడుములను పటముగా వ్రాసి గొప్పవారి కన్నుల యెదుట నిలిపిన మనుష్యుడు ఫ్రాన్సు దేశస్థుడైన జాఁ ఫ్రాంస్వా మిల్లే. ఆయన 1814 అక్టోబరు 4న నార్మండీ సీమలో సముద్రపు ఒడ్డుననున్న గ్రుషీ అను కుగ్రామమున సేద్యగాండ్ర యింట పుట్టెను. తల్లి పొలము పనికి పోవుచుండగా బిడ్డలను పెంచినది నాయనమ్మ. మన యిండ్లలోను ఇదే వాడుక. ఆమె పేరు లూయీజ్. పక్షులు అప్పుడే లేచి దేవుని స్తుతించుచున్నవని చెప్పి ఆమె మనుమని తెల్లవారుజామున లేపెడిదట. వారు రోమను సంఘమువారు; అయినను ఆ యింట పరిశుద్ధ గ్రంథము మూలపడియుండలేదు. మిల్లే దానిని కడవరకు చదివెను.

1835లో తండ్రి చనిపోయెను. పెద్ద కుమారుడు గనుక నాగలి పట్టవలసినవాడే, కాని నాయనమ్మయే అతని చేతిలోని వరమును గుర్తించి చిత్రలేఖనము నేర్చుకొనుటకు పంపించెను. 1837లో షెర్బూర్ పట్టణమువారిచ్చిన వేతనముతో పారిసు చేరెను. ఇంట ఇద్దరు విధవరాండ్రు మిగిలిరి.

పారిసులో మిల్లే ఆకలి నెరిగెను. 1841లో పెండ్లియాడిన పోలీన్ మూడేండ్లకే క్షయరోగముతో చనిపోయెను. పూట గడుచుటకు ఆయన వస్త్రహీనులైన స్త్రీల పటములు వ్రాసి అమ్మెను. ఈ సంగతి దాచవలసిన పని లేదు. ఒక రాత్రి అంగడి యెదుట ఇద్దరు నిలిచి, ఇతడు అట్టి బొమ్మలే వ్రాయునని చెప్పుకొనుట విని, సిగ్గుపడి యింటికి పోయి, ఇకమీదట అట్టివి వ్రాయనని కాథరీన్‌తో చెప్పెనని ఆయన స్నేహితుడు వ్రాసిన చరిత్రలో కలదు. కష్టము హెచ్చునని తెలిసియు ఆమె ఒప్పుకొనెను.

కాథరీన్ బ్రిటనీ సీమనుండి వచ్చి ఇండ్లలో పనిచేసిన స్త్రీ. ఆ దినములలో ఫ్రాన్సు దేశమంతట పల్లెల ఆడుబిడ్డలు ఇట్లే పట్టణములకు తరలిపోవుచుండిరి. పనికత్తెలుగా, చాకలి పనివారుగా, టోపీల అంగళ్లలో కుట్టుపనివారుగా బ్రతికిరి. దోమియే, దెగా అను చిత్రకారులు ఆ పట్టణపు స్త్రీలను వ్రాసిరి. మిల్లే పల్లెలో మిగిలిపోయిన స్త్రీలను వ్రాసెను. 1849లో పారిసులో కలరా వ్యాపించినప్పుడు కాథరీన్‌తోను బిడ్డలతోను బార్బిజోన్ అను గ్రామమునకు వెళ్లి, చనిపోవు వరకు అక్కడనే యుండెను. వారికి తొమ్మండుగురు బిడ్డలు. అక్కడ ఆయన వ్రాసినది రొట్టె కాల్చు స్త్రీని, వెన్న చిలుకు స్త్రీని, అల్లిక నేర్పు తల్లిని, గొఱ్ఱెలు కాయు పిల్లను.

1853లో ఆయన ప్రదర్శించిన పటము నిజముగా రూతు కథయే. కోతవారు గడ్డివాముల నీడను భోజనమునకు కూర్చుండగా, బోయజు సిగ్గుపడుచున్న రూతును వారియొద్దకు తీసికొని వచ్చుచున్నాడు. బేత్లెహేము వేషములు లేవు; అందరును ఫ్రాన్సు దేశపు పల్లెవారే. దానికి బహుమానపతకము దొరికెను.

ఆ సంవత్సరమే ఆయన తల్లి చనిపోయెను. నాయనమ్మ 1851లోనే చనిపోయియుండెను. ఇద్దరును ఏండ్ల తరబడి అతని రాకకై కనిపెట్టుకొనియుండిరి. ప్రయాణమునకు డబ్బు లేకపోవుట ఒక కారణము. కాథరీన్‌ను వివాహము చేసికొనకయే కాపురముండెను గనుక భక్తిగల పెద్దలకు ముఖము చూపలేకపోయెనని ఊహించుటకును చోటు కలదు. నయోమి యింటికి రూతు ప్రతి సాయంకాలము తిరిగి వచ్చెను. ఈ ఇద్దరి యింటికి ఎవరును రాలేదు. తల్లి పోయిన తరువాత గ్రుషీకి వెళ్లి, పంపకములో పాత పుస్తకములను, ఒక కొయ్య బీరువాను మాత్రమే తీసికొనెను. కాథరీన్‌ను చట్టప్రకారము పెండ్లియాడినది కూడ 1853లోనే.

1857లో ఆయన “పరిగె యేరువారు” అను పటము ప్రదర్శనకు వచ్చెను. ముగ్గురు స్త్రీలు. ఇద్దరు నేలదాక వంగియున్నారు, మూడవది నడుము కొద్దిగా ఎత్తినది. తలలకు గుడ్డలు, ఒడి కట్టిన ముందుగుడ్డ. దూరమున కొండలవంటి కుప్పలు, నిండిన బండి, కోతవారు, గుఱ్ఱముమీద పెత్తనముచేయు మనిషి. పరిగె ఏరుట అక్కడ బీదల పాత హక్కు: పంట తీసిన తరువాతనే ఏరవలెను, సూర్యోదయమునకు ముందుగాని అస్తమయము తరువాతగాని ఏరరాదు. నాలుగు సంవత్సరముల క్రిందటి పటములో బోయజు ఉండెను. ఇందులో లేడు. గుఱ్ఱపువాడు అంత దూరమున ఉన్నాడు, ఈ స్త్రీల పేరు అడుగువాడు ఎవడును లేడు. పటము చూచి ధనికులు జడిసిరి. తిరుగుబాటు మరల లేచునేమోనని కొందరు పత్రికలవారు వ్రాసిరి. వంగి వెన్నులు ఏరుకొను ముగ్గురు ఆడువారిని చూచి ఇంత భయమేల? ఆ పటము 3,000 ఫ్రాంకులకు మాత్రమే పోయెను.

1861లో ఆయన చూపిన మరియొక పటము పేరు “నిరీక్షణ”. కథ తోబీతు గ్రంథములోనిది; అది మన బైబిలులో చేరినది కాదు. గ్రుడ్డి తండ్రి గుమ్మమున తడుముకొనుచుండగా, ముసలి తల్లి క్రుంకుచున్న సూర్యుని వైపునకు, కుమారుడు రావలసిన దారివైపునకు చూచుచున్నది. ఆ తల్లి ఎవరో నాకు చెప్పవలసిన పనిలేదని తోచును.

చివరి సంవత్సరములలో గౌరవము వచ్చెను. 1868లో ప్రభుత్వ బిరుదు దొరికెను. 1875 జనవరి మొదట, పడకమీద ఉండగనే, కాథరీన్‌తో దేవుని సన్నిధిని వివాహము జరిగెను. ఆ నెల 20న కన్నుమూసెను. కోరో అను వృద్ధ చిత్రకారుడు తానును ఆ దినములలోనే చావునకు సమీపించియుండి ఆ విధవరాలికి 10,000 ఫ్రాంకులు ఇచ్చెను.

సాయంకాలపు గంట విని పొలములో తలలు వంచి నిలిచిన భార్యాభర్తల పటము మన యిండ్ల గోడలమీద సహితము కొందరు చూచియుందురు. మిల్లే దానిని 1860లో సుమారు 1,000 ఫ్రాంకులకు అమ్మెను. 1889 వేలములో అది 553,000 ఫ్రాంకులు పలికెను. అందులో ఆయన కుటుంబమునకు ఒక్క కాసు చెల్లలేదు. ఆ సంగతిని పెక్కుమంది పెక్కేండ్లు ఎత్తి చూపిరి. 1920లో ఫ్రాన్సు దేశము ఒక చట్టము చేసెను: పటము బహిరంగ వేలములో మరల అమ్ముడుపోయినప్పుడెల్లను వెలలో కొంత భాగము చిత్రకారునికి గాని అతని వారసులకు గాని విడిచిపెట్టవలెను.