నుదుటి చర్మంతో ముక్కు తెచ్చుకున్న కావస్‌జీ

తాడిమర్రి: హైదరు, టిప్పుల ఏలుబడి చూసిన పెనుకొండ సీమవారికి కావస్‌జీ కథ మరీ దూరపుదేం కాదు. అతడు మరాఠా సేద్యగాడు. 1792 మైసూరు యుద్ధంలో ఇంగ్లీషు సైన్యానికి ఎద్దులు తోలుతూ టిప్పు సేనకు చిక్కాడు. ముక్కు, ఒక చేయి కోసేశారు. కుంఫిణీవారు పింఛను ఇచ్చారు గానీ, పింఛనుతో ముక్కు వస్తుందా? ఏడాదికి పైగా అలాగే గడిపాడు.

చివరకు పూనా దగ్గర ఇటుకలు చేసే కులంవాడొకడు కొత్త ముక్కు పెట్టాడు. ముందు పలుచని మైనపు రేకుతో కొలత తీశాడు. ఆ రేకును నుదుటిపై పరచి గీత గీసి, అంతమేర చర్మం లేపాడు. కనుబొమల నడుమ చిన్న పట్టీ మాత్రం కోయలేదు. కిటుకంతా అక్కడే ఉంది. ఆ పట్టీగుండా నెత్తురు పారబట్టే చర్మం బతికింది. దాన్ని మెలితిప్పి కిందికి దించి, ముక్కు మోడు చుట్టూ గంటు పెట్టి అందులో ఇమిడ్చాడు. పైన కాచు పూసిన గుడ్డ పీలికలు వేశాడు. నాలుగు రోజులయ్యాక నేతిగుడ్డలు మార్చాడు. సుమారు 25వ రోజున పట్టీ తెంపాడు.

బొంబాయి ఇంగ్లీషు వైద్యులిద్దరు ఇది కళ్లారా చూశారు. 1794 అక్టోబరులో లండన్ పత్రిక జెంటిల్‌మన్స్ మ్యాగజైన్ కావస్‌జీ బొమ్మతో సహా అచ్చువేసింది. ఎద్దులు తోలేవాని పేరు అందులో ఉంది, ముక్కు పెట్టినవాని పేరు లేదు! ఆ పద్ధతినే కార్ప్యూ అనే వైద్యుడు 1814లో లండన్‌లో చేసి చూపాడు.

నేడు నోటి క్యాన్సరుకు చెంప, దవడ తీసేసినచోట రొమ్ము కండను చర్మంతో సహా పైకి తిప్పి అతుకుతున్నారు. అక్కడా దాని రక్తనాళం తెగనివ్వరు.