తల్లిని వెదకిన కుమార్తె: కిట్టీ కిర్క్‌పాట్రిక్ జీవితము

ప్రతి సంవత్సరము జూను మాసమున మన పాఠశాలలో క్రొత్త విద్యార్థులను చేర్చుకొనునపుడు, తల్లిదండ్రుల పేర్లు వ్రాయవలసిన గడియొద్ద ఉపాధ్యాయుని కలము కొంత తడవు ఆగుచుండును. బాప్తిస్మ పత్రములో నొక పేరు, రేషను కార్డులో మరియొక పేరు, అమ్మమ్మ నోట వేరొక పేరు. నాంపల్లి, ఆబిడ్సు ప్రాంతములవారికి ఇది వింత కాదు. ఆబిడ్సు అను పేరు సయితము ఆరవ నిజాము కొలువులో నుండిన ఆల్బర్టు ఆబిదు అను నాతని అంగడినుండి వచ్చినదే. పత్రములు ఒకదానితో నొకటి పొసగనపుడు దేనిని నమ్మవలెను? మనకు మిక్కిలి దాపున పెరిగిన యొక బాలికకు ఈ ప్రశ్న విడుటకు ముప్పదియారు సంవత్సరములు పట్టినది. ఆమె కథను ఈ సంచికలో విద్యార్థులకు తెలియజేయుచున్నాను.

ఆబిడ్సునుండి కోఠీ వైపు ఇంచుమించు ఇరువది నిమిషములు నడచినచో, ఆరు మహాస్తంభములతో నొప్పుచున్న పూర్వపు బ్రిటిషు రెసిడెన్సీ భవనము కనబడును. 1949లో అందు బాలికల కళాశాల నెలకొన్నది. నేడది మహిళా విశ్వవిద్యాలయపు ఆవరణము. ఆ భవనమును కట్టింప నారంభించినవాడు జేమ్సు అకిలీసు కిర్క్‌పాట్రిక్. ఇతడు 1764లో మద్రాసు కోటలో జన్మించి, పారసీక, హిందూస్థానీ భాషలలో నిపుణుడై, నిజాము దర్బారులో ఈస్టిండియా కంపెనీవారి రెసిడెంటుగా నుండెను. 1798లో నిజాము కొలువునందలి ఫ్రెంచి సేనను రక్తపాతము లేకుండ నిరాయుధము గావించిన కార్యములో ఇతడు ముఖ్యుడు. నిజాము ఇతనికి హష్మత్ జంగు అను బిరుదు నొసగెను.

ఈ జేమ్సు దొర హైదరాబాదులోని పారసీక సయ్యదు వంశమునకు చెందిన ఖైరున్నీసా బేగమును ప్రేమించి 1800 ప్రాంతమున చేపట్టెను. వారికి 1801 మార్చిలో కుమారుడును, 1802 ఏప్రిలులో కుమార్తెయు కలిగిరి. కుమారుడు సాహెబు ఆలం. కుమార్తె నూరున్నీసా, ముద్దుపేరు సాహెబు బేగము. రెసిడెన్సీ తోటలో నున్న చిన్న భవన నమూనాను దొర తన బేగముకొరకే కట్టించెనని పురజనులు నేటికిని చెప్పుకొందురు.

చిక్కు ఇచ్చటనే మొదలయ్యెను. జేమ్సు తన పైయధికారియైన గవర్నరు జనరలు వెల్లస్లీకి ఈ సంబంధమును దాచెను. అన్నయైన విలియమునకు వ్రాసిన స్వంత ఉత్తరములలో మాత్రము నిజము చెప్పుకొనెను. వదంతులు మిక్కుటము కాగా 1801లో మద్రాసు గవర్నరగు క్లైవు ప్రభువు ఎదుట విచారణ జరిగి సాక్షులు పిలువబడిరి. ఒకే కుటుంబమునుగూర్చి కచేరీ కాగితములు ఒక విధముగను, స్వంత ఉత్తరములు వేరొక విధముగను పలుకుచుండెను. కచేరీకి వ్రాసినవాడు ఉద్యోగమునకు భయపడుచు వ్రాసెను. అన్నకు వ్రాసినవాడు ప్రేమతో వ్రాసెను. వ్రాసిన చేయి ఒకటే.

1805లో, ఆనాటి ఆంగ్లేయుల వాడుక చొప్పున, పిల్లలిద్దరిని విద్యకై ఇంగ్లండునకు పంపుటకు నిశ్చయింపబడెను. 1791 నాటి కంపెనీ నిబంధన ప్రకారము తల్లిదండ్రులలో నొకరు భారతీయులైన వారికి కంపెనీ కొలువులలో ఉన్నతోద్యోగములు లేకుండెను. తండ్రి చింతకు ఇదియు నొక కారణము. ఓడ ఎక్కకమునుపు మద్రాసులో జార్జి చిన్నెరీ అను ప్రసిద్ధ చిత్రకారుడు పిల్లల నిరువురిని మొగలాయి దుస్తులతో చిత్రించెను. నాలుగేండ్ల అన్నయు మూడేండ్ల చెల్లెలును సెప్టెంబరులో సముద్రయానము చేసిరి. కలకత్తాకు వెళ్లిన తండ్రి 1805 అక్టోబరు 15వ తేదీన అచ్చట జ్వరపీడితుడై మరణించెను. పిల్లలు తల్లినిగాని తండ్రినిగాని మరల చూడలేదు.

తండ్రి విడిచిన మరణశాసనములో ఖైరున్నీసా మిక్కిలి గౌరవముతో పేర్కొనబడినది. కాని పిల్లలు మాత్రము వివాహము లేకుండ కలిగిన సంతానము అను అర్థమిచ్చు న్యాయశాస్త్రపు మాటతో చెప్పబడిరి. 1806 మార్చి 25వ తేదీన లండనులోని సెయింటు మేరీ దేవాలయమున వారు బాప్తిస్మము పొందిరి. సాహెబు ఆలం విలియం జార్జి అయ్యెను. నూరున్నీసా కాథరీను అరోరా అయ్యెను. ఇంటివారు ఆమెను కిట్టీ అని పిలిచిరి. పూర్వనామములు అంతటితో వాడుక తప్పిపోయెను.

ఆమెకు సంక్రమించిన ఇంటిపేరును నిలుకడ యెరుగనిదే. కిర్క్‌పాట్రిక్ వంశము స్కాట్లండుదని చెప్పుకొనువారు గలరు. కాని కిట్టీ ముత్తాతయైన వైద్యుడు జేమ్సు ఐర్లండులోని కారిక్‌ఫెర్గసు అను రేవు పట్టణమువాడనియు, 1717లో అమెరికాలోని చార్లెస్టనునకు పోయెననియు వ్రాతలు కలవు. 1738లో అచ్చట మశూచికము ప్రబలినపుడు ఆ రోగము రాకుండ రసి ఎక్కించు పద్ధతిని సమర్థించి ఇతడు పేరుగాంచెను. కిల్‌పాట్రిక్ అను తన ఇంటిపేరును కిర్క్‌పాట్రిక్‌గా మార్చుకొన్నవాడును ఇతడే. ఒక అక్షరము మారినచో వెదకువారికి ఒక తరమే మరుగుపడును.

కిట్టీ తన తాతయొద్ద కెంటు మండలములో పెరిగినది. అన్న పసితనమున కాగుచున్న నీటి కాగులో పడి అంగహీనుడై, 1828లో మరణించెను. తాత గతించిన తరువాత ఆమె బంధువుల ఇండ్లలో నుండగా, 1824లో తామసు కార్లైలు అను యువ రచయిత ఆమెను చూచి మెచ్చుకొనెను. పిమ్మట అతడు రచించిన సార్టర్ రిసార్టసు గ్రంథములోని బ్లూమీను అను కన్యకు కిట్టీయే మూలమని పలువురు తలంతురు. వేరొక స్త్రీ మూలమని కొందరు వాదింతురు. పుస్తకములో సయితము ఆమె రూపమునకు నిశ్చయము లేకపోయెను. 1829లో ఆమె జేమ్సు విన్‌స్లో ఫిలిప్సు అను సైనికాధికారిని వివాహమాడి, పిల్లలతో సుఖముగా సంసారము చేసెను.

అయినను ఆమె మనస్సునుండి రెండు దృశ్యములు చెరిగిపోలేదు: తాను వెడలు నాడు దుఃఖముతో జుట్టు పీకికొన్న తల్లి, ఆ తల్లి కూర్చుండెడి మిద్దెపై చోటు. ఏ పత్రములోను లేని ఈ సంగతులకు ఆమె జ్ఞాపకమొక్కటే ఆధారము. తల్లి మాత్రము భర్తృవియోగానంతరము అనేక కష్టములు పడి, మన తెలుగు తీరమున మచిలీపట్టణములో కొంతకాలము వసింపవలసివచ్చి, తుదకు హైదరాబాదు చేరి 1813 సెప్టెంబరు 22వ తేదీన, ఇంచుమించు ఇరువదియేడేండ్ల ప్రాయమున కన్ను మూసెను.

1840 తరువాత, హైదరాబాదు రెసిడెన్సీలో ఉద్యోగియైన యొక ఆంగ్లేయుని భార్య మూలముగా, అమ్మమ్మ షరఫున్నీసా బేగము ఇంకను సజీవురాలై యున్నదని కిట్టీకి తెలిసెను. ఆమె ఉత్తరము వ్రాసెను. వృద్ధురాలు పారసీక భాషలో ప్రత్యుత్తరమిచ్చెను. దుబాసీల చేతులమీదుగా ఆ ఉత్తరములు సముద్రములు దాటి పోవుచు వచ్చుచు నుండెను. మనుమరాలి కోరికపై అమ్మమ్మ ఖైరున్నీసా తలవెండ్రుకలు కొన్ని పంపెను. అంతకంటె ముఖ్యముగా, కుమార్తె వివాహము ఇస్లాము ధర్మానుసారముగ జరిగినదని ఆమె స్థిరముగా చెప్పెను. అమ్మమ్మయు మనుమరాలును ఆరు సంవత్సరములు ఈ విధముగ మాటలాడుకొనిరి, కలిసికొనలేదు. 1847లో షరఫున్నీసా మరణించెను. కిట్టీ 1889లో ఇంగ్లండులోని టార్కీ పట్టణములో పరమపదించెను.

విద్యార్థులారా, మరణశాసనము తండ్రి స్వయముగా వ్రాసినది. అమ్మమ్మ సాక్ష్యము నలువది ఏండ్లకు పిమ్మట ఉత్తరములో వచ్చినది. కాలమునుబట్టి చూచిన మొదటిది బలమైనది. కాని జేమ్సు తన వివాహమును ప్రభుత్వమునకు దాచినవాడు. మరణశాసనము అదే ప్రభుత్వపు న్యాయస్థానములకు కట్టుబడినది. పిల్లలకు ఆస్తి నిస్సంశయముగ చేరవలెనన్న, ఆంగ్ల న్యాయము ఒప్పుకొను మాటనే వాడుట ఆతనికి క్షేమము. షరఫున్నీసా పెండ్లికూతురి తల్లి. ఆ ఇంటిలోని సంగతి ఆమె యెరిగినట్లు లండనులోని వకీలు ఎరుగడు. కన్నతల్లి కుమార్తె గౌరవమును కాపాడ గోరుట సహజమే యైనను, అన్నకు జేమ్సు వ్రాసిన ఉత్తరములలోని ప్రేమ ఆమె మాటకు తోడుగా నిలుచుచున్నది. కావున ఈ విషయమున అమ్మమ్మ మాటయే నిజమునకు దగ్గరగా నున్నదని నా అభిప్రాయము.

మీ ఇండ్లలోను ఇట్టి భేదములుండును. ఒక కాగితమును చూచి తొందరపడి ఎవరి పుట్టుకనుగూర్చియు తీర్పు చెప్పకుడు. ఎవరు వ్రాసిరి, ఎవరికి వ్రాసిరి, ఏమి కోరి వ్రాసిరి అని విచారింపుడు. సెలవులలో మీ అమ్మమ్మల యొద్ద, నాయనమ్మల యొద్ద కూర్చుండి, వారి తల్లిదండ్రుల పేర్లును, ఊరిపేర్లును అడిగి వ్రాసికొనుడు. కిట్టీ అదృష్టవంతురాలు, ఆమె ఉత్తరము చేరునప్పటికి అమ్మమ్మ జీవించి యుండెను.