దీనబంధు ఆండ్రూస్ మహాశయుడు

పరుల తప్పు నెంచుట సులభము. తన వారి తప్పును తన వారి సభలోనే చెప్పుట దుష్కరము. కౌరవుల కొలువులో నుండియు ధర్మము పలికిన విదురుని లోకము నేటికిని మరువలేదు. ఆంగ్లేయుడై జన్మించి, ఆంగ్ల సామ్రాజ్యమున వేళ్లూనిన వర్ణభేదమును తుదివరకు ఎదిర్చిన చార్లెస్ ఫ్రీర్ ఆండ్రూస్ చరిత్రము అట్టిది.

ఆయన 1871 ఫిబ్రవరి 12వ తేదీన ఇంగ్లండులోని న్యూకాసిల్ నగరమున జన్మించెను. తండ్రి మతాచార్యుడు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున చదువు ముగించి, లండనులోని పేదల వాడలో కొంతకాలము సేవ చేసి, 1904లో ఢిల్లీకి వచ్చి సెయింట్ స్టీఫెన్స్ కళాశాలలో ఉపాధ్యాయుడయ్యెను. కొలది కాలమునకు అధ్యక్షపదవి ఖాళీ అయ్యెను. ఆంగ్లేయుడే ఆ పీఠమున నుండవలెనని పెక్కురు తలచిరి. ఆండ్రూస్ మాత్రము, యోగ్యుడైన సుశీలకుమార రుద్రుని భారతీయుడన్న కారణమున త్రోసిపుచ్చుట అధర్మమని పట్టుపట్టెను. 1906లో రుద్రుడు ఆ పదవి నలంకరించెను. ఆండ్రూసు జీవితమున వర్ణసమానత్వ వ్రతమునకు ఇది తొలిమెట్టు.

దక్షిణాఫ్రికాలోని నేటాలు సీమకు 1860 మొదలు మనదేశపు కూలీలు ఓడలలో పోవుచుండిరి. తొలి ఓడ బయలుదేరినది మద్రాసు రేవునుండియే. అట్లు పోయిన వారిలో తెలుగువారు పెక్కుమంది కలరు. చెరకు తోటలలో అయిదేండ్ల కరారు ముగిసిన పిదప అచటనే స్వేచ్ఛగా నిలువగోరిన వారిపై ఏటికి మూడు పౌనుల తలపన్ను విధించిరి. కరారు కూలి మొదటి యేట నెలకు పది షిల్లింగులు. పన్ను అరువది షిల్లింగులు. అనగా ఆరు నెలల కూలి! భార్యకును, ఎదిగిన బిడ్డలకును గూడ ఈ పన్ను తప్పకుండెను. నలుగురున్న యింటికి పండ్రెండు పౌనులు. మరల కరారునకు లోబడుటయో, దేశము విడుచుటయో తప్ప పేదకు వేరు దారి లేకపోయెను.

దీనికితోడు 1913లో వచ్చిన వలసల చట్టము భారతీయులకు ఒక రాష్ట్రమునుండి మరియొక రాష్ట్రమునకు పోవుటను గూడ నిరోధించెను. ఆ సంవత్సరము నవంబరు 6వ తేదీన గాంధీమహాత్ముడు 2,037 మంది పురుషులతోను, 127 మంది స్త్రీలతోను, 57 మంది బిడ్డలతోను ట్రాన్స్‌వాలు సరిహద్దును కావలెనని దాటి చెరసాలకు పోయెను. రాకపోకలను నియమించు అధికారము ప్రభుత్వమునకు లేదని సత్యాగ్రహులు వాదింపలేదు. ఆ నియమము మనిషి మేనిరంగును బట్టి యుండరాదనుటయే వారి వాదము.

గోఖలే మహాశయుని కోరికపై ఆండ్రూస్, మిత్రుడగు పియర్సనుతో గూడి 1914 జనవరి ఆరంభమున డర్బను రేవున దిగెను. గాంధీని చూచినంతనే వంగి పాదములంటెను. తెల్లవాడు నల్లవాని పాదములంటుటయా యని అచటి తెల్లవారు మండిపడిరి. ఆయన చలింపలేదు. స్మట్సు సేనానికిని గాంధీకిని నడుమ నిలిచి సంధి మాటలు నడిపెను. ఆ దినములలోనే స్వదేశమున తల్లి మరణించెను. ఆ దుఃఖమును దిగమ్రింగి పని సాగించెను. ఆ యేటి చట్టముచే తలపన్ను రద్దయ్యెను. భారతీయుల వివాహములకు గుర్తింపు కలిగెను. సరిహద్దు నిర్బంధములు మాత్రము నిలిచియేయుండెను.

1915లో ఆయన ఫిజీ ద్వీపములకు పోయెను. అచటికి 1903 మొదలు మద్రాసునుండియు కూలీలు పోవుచుండిరి. స్త్రీలు కొరవడిన కూలిపంక్తులు, గడువులోగా తీరని పని, హత్యలు, ఆత్మహత్యలు కన్నులార చూచి ఆయన ప్రకటించిన నివేదిక దేశమును కదలించెను. 1917లో కూలీల ఎగుమతి నిలిచెను. 1920 జనవరి 1వ తేదీన ఫిజీలో మిగిలిన కరారులన్నియు రద్దయ్యెను. దీనబంధువన్న బిరుదము ఆయనకు ఊరక రాలేదు.

అయినను ఆయన భారతీయుల పక్షమున నిలిచినవాడేకాని పక్షపాతి కాడు. కెన్యాలో మనవారికి సమానహక్కులు కావలెనని పోరాడి తెల్లవారిచే దెబ్బలు తినెను. మహాయుద్ధానంతరము జర్మనుల తూర్పు ఆఫ్రికాను భారతీయుల వలసకు ఇప్పింపుమని మనవారు కొందరు కోరగా, ఆ నేల ఆఫ్రికావారిదని చెప్పి అడ్డుపడెను. మనము వలదన్న దొరతనమును మనమే మరియొకనిపై చేయుట న్యాయమా యని ఆయన ప్రశ్న. ఇంటిలో అస్పృశ్యతను నిలిపియుంచి పరదేశమున సమానత్వ మడుగుట చెల్లదనియు నిర్మొగమాటముగ చెప్పెను. ఫిజీనుండి మరలివచ్చిన కూలీలను స్వగ్రామములు కులభ్రష్టులని వెలివేయగా, వారు కలకత్తా చెంత మటియాబుర్జున దిక్కులేక పడియుండిరి. సరిహద్దు సముద్రతీరముననే కాదు, ఊరి పొలిమేరలోను గలదని ఆ దృశ్యము చాటెను.

దక్షిణాఫ్రికా ప్రభుత్వము భారతీయులను వేరు వాడలకు నెట్టు బిల్లు తేగా, మరల అచటికేగి శ్రమించెను. 1927 నాటి కేప్‌టౌను ఒడంబడికచే ఆ బిల్లు వెనుకకు పోయెను. కాని స్వచ్ఛందముగ తిరిగిపోవువారికి ధనసహాయమను పేర మనవారిని సాగనంపు ఏర్పాటును అందు చేరెను. పూర్ణవిజయము ఆయనకెన్నడును లభింపలేదు. లభించినంతతో సంతృప్తిచెంది ఊరకుండలేదు.

శాంతినికేతనమును ఇల్లుగా చేసికొని, ఆస్తి కూడబెట్టక, 1940 ఏప్రిలు 5వ తేదీన కలకత్తాలో ఆయన కన్నుమూసెను. దేశములకు ఎల్లలుండవచ్చును, వాకిళ్లకు తలుపులుండవచ్చును. వాకిట నిలిచినవాని రంగుచూచి గడియ వేయరాదని బోధించిన ఆ పుణ్యపురుషుని చరిత్రము పిన్నపెద్దలెల్లరకు పఠనీయము.