యంత్రశిల్పి జి.డి. నాయుడుగారు

వేములవాడ చుట్టుపట్ల గ్రామములలో బావిమీద మోటారు పెట్టించుకొను రైతుల నోట తరచుగా వినవచ్చు పేరు కోయంబత్తూరు. సిరిసిల్లలో మరమగ్గములు నడుపువారికిని, కోరుట్ల, జగిత్యాలలో పంపుసెట్లు బాగుచేయువారికిని ఆ యూరి పేరు క్రొత్తది కాదు. అరవదేశమున పడమటి కొండల క్రిందనున్న యొక పట్టణము మోటార్లకు పుట్టినిల్లు ఎట్లయ్యెనని అడుగువారు మాత్రము తక్కువ. ఆ కథకు మొదట నిలిచినవాడు తెలుగు కుటుంబమున పుట్టి, బడి మానివేసి, ఒక మోటారుసైకిలును ఊడదీసి తిరిగి కూర్చిన యువకుడు. వారే గోపాలస్వామి దొరస్వామి నాయుడుగారు. లోకమునకు జి.డి. నాయుడుగారనియే పరిచయము.

నాయుడుగారు 1893వ సంవత్సరము మార్చి 23వ తేదీన కోయంబత్తూరు సమీపమునందలి కలంగల్ అను గ్రామమున జన్మించిరి. విజయనగర ప్రభువుల కాలమునను, పిదప నాయకరాజుల కాలమునను దక్షిణమునకు తరలిపోయిన తెలుగు వ్యవసాయ కుటుంబములు పెక్కు కొంగునాట స్థిరపడి, లోతైన బావులు త్రవ్వుకొని, నల్లరేగడిలో ప్రత్తి పండించుకొనుచు బ్రతికినవి. వీధిలో అరవము, ఇంటిలో తెలుగు. ఇది వారి వాడుక. నాయుడుగారిది అట్టి కుటుంబము.

బడి యన్నచో వారికి గిట్టెడిది కాదు. ఉపాధ్యాయుల ముఖమున ఇసుక చల్లి పారిపోయెడివారని చెప్పుదురు. ప్రాథమిక తరగతులతోనే చదువు ముగిసినది. గ్రంథాలయపు సంచికలో ఇట్టివారి చరిత్ర యేల యని చదువరులు సంశయింపవచ్చును. ఇసుక చల్లిన యా బాలుడే ఏబదియేండ్లు దాటిన తరువాత ఒక ఇంజనీరింగు కళాశాలకు ప్రిన్సిపాలయ్యెనని ముందుగా తెలిసికొని యుండుట మంచిది.

ఆ దినములలో మోటారు బండి పల్లెలకు వింత. ఒక ఆంగ్ల రెవిన్యూ అధికారి రడ్జ్ అను మోటారుసైకిలుపై ఆ ప్రాంతమున తిరుగుచుండెను. ఎద్దు లేక, గుఱ్ఱము లేక, త్రొక్కువాడు కూడ లేక తనంత తాను పరుగెత్తు ఆ బండిని చూచిన నాయుడుగారికి మరియొక ధ్యాస లేకపోయెను. రడ్జ్ బండ్లు ఇంగ్లండులోని కోవెంట్రీ నగరమున తయారైనవి. ఆ కంపెనీ మొదట సైకిళ్ళు చేసి, 1911 ప్రాంతమున మోటారుసైకిళ్ళ వ్యాపారమునకు దిగినది. కొలది యేండ్లకే, 1914లో, ఐల్ ఆఫ్ మాన్ దీవిలో జరిగిన సీనియర్ టి.టి. పందెమును సిరిల్ పుల్లిన్ అను నాతడు రడ్జ్ బండి మీదనే గెలిచెను. కలంగల్ పొలముగట్లపై చప్పుడు చేయుచు పోయిన బండి అట్టి పందెపు జాతికి చెందినది.

చూచి ముచ్చటపడినంత మాత్రమున బండి చేతికి రాదు. నాయుడుగారు కోయంబత్తూరు చేరి ఒక హోటలులో వడ్డనపనికి కుదిరిరి. మూడు సంవత్సరములు ఆ పని చేసి, జీతమును కూడబెట్టి, ఆ యధికారి యొద్దకే పోయి బండిని కొనిరి. వ్యవసాయదారుని కుమారుడు, ఇంట తిండికి లోటు లేనివాడు, పరుల యెంగిలి విస్తళ్ళ నడుమ మూడేండ్లు గడపుట ఆ కాలమున సామాన్యమైన సంగతి కాదు.

బండి కొన్నవాడు ఎక్కి ఊరేగును. నాయుడుగారు దానిని విప్పిరి.

ఆనాటి అట్టి బండిలో ఉండునది ఒక్కటే సిలిండరు. కార్బురేటరు పెట్రోలును గాలితో కలిపి లోనికి పంపును. మాగ్నెటో నిప్పురవ్వ పుట్టించును. ఆ రవ్వకు మండిన వాయువు పిస్టనును క్రిందికి నెట్టును. క్రాంకు ఆ నెట్టుడును త్రిప్పుడుగా మార్చును. ఆ త్రిప్పుడును బెల్టు వెనుక చక్రమునకు అందించును. చెప్పుటకు ఇంతియే. కాని వాల్వు తెరచుకొను క్షణమునకును, రవ్వ పుట్టు క్షణమునకును పొంతన కుదరవలెను. రవ్వ ఆలస్యమైనచో ఇంజను వేడెక్కి బలము చచ్చును. ముందుగా వచ్చినచో వెనుకకు తన్నును. పిస్టను రింగు వదులైనచో నూనె మండి పొగ చిమ్మును. బిగుసుకొన్నచో సిలిండరు గీసుకొనిపోవును. విప్పుట ఎవనికైనను సాధ్యమే. విప్పినది విప్పినట్లు మరల కూర్చి, అది కూతపెట్టునట్లు చేయుటలోనే పనితనమున్నది. సిరిసిల్లలో మగ్గము విప్పి బిగించినవారికి ఈ మాట వేరుగా చెప్పనక్కరలేదు. ఒక మర ఎక్కువ బిగిసినను, ఒక బద్ద తిరుగబడినను నేత తప్పును.

నాయుడుగారికి నేర్పు గురువు లేడు. విప్పి, చూచి, కూర్చి, నడిపి, తప్పినచోట మరల విప్పి, ఆ బండి మీదనే వారు మెకానిక్కు పని నేర్చిరి. బడిలో కూర్చుండలేని మనస్సు ఇనుపముక్కల ముందు గంటలకొలది కూర్చున్నది. వారి జీవితములో తరువాత జరిగినవన్నియు ఈ యొక్క అలవాటునుండి పుట్టినవే యనవచ్చును. ఏ వస్తువు చేతికి వచ్చినను దాని లోపలి మర్మమును చూడనిది విడువలేదు.

ప్రపంచమున ఇట్టివారు మరికొందరు కలరు. న్యూజిలాండు దేశమున బర్ట్ మన్రో అను నాతడు 1920 నాటి ఇండియన్ స్కౌట్ మోటారుసైకిలును తన కొట్టములోనే దశాబ్దముల తరబడి మార్చి మార్చి కూర్చెను. ఇండియన్ యనునది అమెరికా కంపెనీ పేరు. మన దేశముతో దానికి సంబంధము లేదు. పిస్టన్లను తానే పాత డబ్బాలలో పోతపోసెను. కనెక్టింగు రాడ్లను పాత ట్రాక్టరు ఇరుసునుండి చెక్కెను. పుట్టినప్పుడు గంటకు 90 కిలోమీటర్లకు మించని ఆ బండి 1967లో అమెరికాలోని బోన్విల్ ఉప్పుమైదానమున 295 కిలోమీటర్ల వేగమందుకొని రికార్డు నెలకొల్పెను. అప్పటికి మన్రో వయస్సు 68. ఆతడు ఒక్క బండికి జీవితమంతయు అర్పించెను. నాయుడుగారు ఒక్క బండినుండి నేర్చినదానిని వేయి వస్తువుల మీద ప్రయోగించిరి. ఇద్దరిలో ఎవరిది గొప్ప యని తూచుట అనవసరము, త్రోవలు వేరు.

1920లో నాయుడుగారు ఒక మోటారు కోచిని కొని, పొల్లాచి, పళని పట్టణముల నడుమ తామే తోలిరి. పళని సుబ్రహ్మణ్యస్వామి క్షేత్రము. ఎడ్లబండ్లు కట్టుకొని రాజన్న సన్నిధికి తరలివచ్చిన వెనుకటి జనమును గూర్చి పెద్దలవలన విన్న వేములవాడ వారికి ఆ దారిలో ఒక బస్సు నడచుట యెంత యక్కరకు వచ్చియుండునో తెలియును. ఒక్క బస్సు పలు బస్సులై, యు.ఎం.ఎస్. అను పేర దేశములోనే మిగుల సమర్థమైన రవాణా సంస్థలలో ఒకటిగా పేరుగాంచినది. నడిపినవారికి బండి లోపలి సంగతి తెలియుట ఆ పేరునకు కొంత కారణమై యుండవలెను.

బస్సులతో ధనము వచ్చినది. చేతులు మాత్రము ఊరకుండలేదు. 1932లో నీలగిరి కొండలమీద పైకారా జలవిద్యుత్కేంద్రము పనిచేయ నారంభించి, కోయంబత్తూరు మిల్లులకును, పల్లెలకును కరెంటు అందినది. బావులు లోతు, నీరు క్రింద. కపిల తోలు రైతునకు మోటారు వరమే. కాని మోటార్లు సముద్రము దాటి రావలసియుండెను. 1937లో పీలమేడులోని నాయుడుగారి నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్సునుండి ఒక విద్యుత్ మోటారు వెలువడినది. మన దేశమున తయారైన మొదటి మోటారు అదియే యని చెప్పుదురు. దానివెనుకనున్న మేధ డి. బాలసుందరం నాయుడుగారిది, కీర్తి యంతయు ఒక్కరికే కట్టబెట్టుట న్యాయము కాదు. బాలసుందరంగారు పిదప టెక్స్‌టూల్ సంస్థను స్థాపించిరి. ఒక కార్ఖానానుండి మరియొకటి, దానినుండి ఇంకొకటి పుట్టి ఆ పట్టణమంతయు మోటార్లకు, పంపులకు నిలయమైనది. మన బావులమీదికి వచ్చిన కోయంబత్తూరు సరకునకు వంశవృక్షమిది.

వారు చేసిన తక్కిన వస్తువుల పట్టిక పెద్దది. పలుచని క్షురపు బ్లేడులు, పండ్లరసము తీయు యంత్రము, కిరసనాయిలుతో తిరుగు పంకా, సినిమా కెమెరాకు దూరము సరిచేయు సాధనము. 1941లో అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే చేసి యీయగలమని ప్రకటించిరి. మోసమునకు వీలులేని వోట్ల యంత్రమును కూడ చేసిరి. వారు స్వయముగా 1936లో రాష్ట్ర శాసనసభ యెన్నికలలో నిలిచి ఓడినవారు. దేశమున యంత్రముతో వోటు వేయుట మొదటిసారి 1982లో కేరళలోని పరవూరున జరిగినది. యూరపు పోయినప్పుడు అయిదవ జార్జి చక్రవర్తి అంత్యయాత్రను తమ కెమెరాతో చిత్రించుకొని వచ్చిరి. పొలమున ప్రత్తి, మొక్కజొన్న, బొప్పాయిలలో క్రొత్త రకములు తీసిరి. వారి పొలమును సర్ సి.వి. రామన్, విశ్వేశ్వరయ్యగార్లు వచ్చి చూచిరి.

1944లో వ్యాపారభారమును దించుకొని, పరిశోధక విద్యార్థులకును, పనివారి సంక్షేమమునకును విరాళములు ప్రకటించిరి. మరుసటి సంవత్సరము వారి కృషితోను, ధనసహాయముతోను కోయంబత్తూరున ఆర్థర్ హోప్ పేర పాలిటెక్నిక్కును, ఇంజనీరింగు కళాశాలయు వెలసినవి. ఆర్థర్ హోప్ అప్పటి మద్రాసు గవర్నరు. నాయుడుగారే ప్రిన్సిపాలుగా కూర్చుండిరి. అచ్చట వారికి తృప్తి కలుగలేదు. నాలుగేండ్ల చదువు కాలహరణమనియు, రెండేండ్లు చాలుననియు వారి పట్టు. ప్రభుత్వ మంగీకరింపలేదు, వారు పదవి విడిచిరి. ఈ తగవులో న్యాయము పూర్తిగా వారివైపే యున్నదనుట కష్టము. గణితము, పదార్థశాస్త్రము చదువక వంతెన కట్టరాదు. కాని నాలుగేండ్లు చదివియు ఒక ఇంజనును విప్పి బిగింపనేరని పట్టభద్రులను చూచినవారికి నాయుడుగారి యాతురత అర్థముకాకపోదు. ఆ కళాశాల ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా నేటికిని నడచుచున్నది.

ఇక వారి జీవితములో మిగుల బాధ కలిగించు ఘట్టము కారు. 1952లో ఇద్దరు కూర్చుండదగిన పెట్రోలు కారును నాయుడుగారు తయారుచేసిరి. వెల 2,000 రూపాయలు. వడ్డనచేసి పాతబండి కొన్న యువకుడు, సామాన్య గృహస్థు కొనగల క్రొత్తబండిని తన చేతులతో దేశమునకు చూపినాడు. ఆనాడు బొంబాయి, కలకత్తా, మద్రాసు కంపెనీలు విదేశపు కార్ల భాగములను తెప్పించి బిగించి అమ్ముచుండెను. వాటి వెల సామాన్యుని యూహకు కూడ అందనిది.

పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టము 1951లో వెలువడి, 1952 మే నెలలో అమలులోనికి వచ్చినది. పెద్ద పరిశ్రమ యేదైనను లైసెన్సు లేక సాగరాదు. నాయుడుగారి కారునకు లైసెన్సు రాలేదు. తయారీ నిలిచిపోయినది.

ప్రభుత్వము పక్షమున చెప్పదగిన మాటలు లేకపోలేదు. ఉక్కు కొరత, విదేశద్రవ్యపు కొరత నిజము. ఒక నమూనా బండి ఒక యెత్తు. వేలకొలది బండ్లను ఒకే తీరున, ప్రాణభయము లేక నడచునట్లు చేయుట మరియొక యెత్తు. ఆ వెలకు ఆ కారు అన్నియేండ్లు నిలిచియుండెడిదా యని అడుగవచ్చును. కాని అడిగి, పరీక్షించి, లోపము చూపి త్రిప్పిపంపుట వేరు. చేయనే వలదనుట వేరు. విప్పి చూచి, తప్పు దిద్దుకొని, మరల కూర్చు విద్యలో పండిన మనిషికి దిద్దుకొను అవకాశమే లేకపోయెను. ఇంజనును బాగుచేయవచ్చును గాని, కాగితమును బాగుచేయు పనిముట్టు వారి పెట్టెలో లేదు. మధ్యతరగతివాడు కొనదగిన చిన్నకారు మారుతి రూపమున దేశమునకు వచ్చుసరికి 1983 డిసెంబరు అయినది. నడుమ గడచినవి ముప్పదియొక్క సంవత్సరములు.

నాయుడుగారు ఆ దినము చూడలేదు. 1974 జనవరి 4వ తేదీన, ఎనుబదియేండ్లు నిండిన పిదప, కోయంబత్తూరుననే కన్నుమూసిరి.

మారుతి వచ్చిన తరువాత అదే పట్టణమున ఆ యింజనునే ఆధారము చేసికొని ఎస్. కరివర్ధన్ అను యువకుడు ఫార్ములా మారుతి అను పందెపు కారును రూపొందించెను. ఆయన లక్ష్మీ మిల్స్ కుటుంబమువాడు. ధనవంతుల వేడుకగా నున్న కారుపందెములలోనికి, తక్కువ వెలతో బండి చేసి, క్రొత్తవారిని దింపుట ఆయన తలంపు. 1995లో గగనవిహార ప్రమాదమున చిన్నవయస్సుననే మరణించెను. ఆయన పేర కోయంబత్తూరు సమీపమున 2003లో కరి మోటార్ స్పీడ్‌వే అను పందెపు బాట తెరువబడినది. ఫార్ములా మారుతితో పందెములు మొదలిడిన కోయంబత్తూరు యువకుడు నరైన్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్ పందెములలో దిగిన మొదటి భారతీయుడయ్యెను.

నాయుడుగారు చేసిన వస్తువులును, దేశదేశములనుండి తెచ్చినవియు కోయంబత్తూరు అవినాశి రోడ్డుమీద వారి పేరిటి ప్రదర్శనశాలలో నున్నవి. అచ్చటనే నానాదేశముల పాతకార్లతో ఒక కార్ల మ్యూజియమును వారి కుటుంబమువారు నెలకొల్పిరి. 2025 అక్టోబరులో ఆ రోడ్డుమీదనే పది కిలోమీటర్లకు పైబడిన ఎత్తువంతెనను ప్రారంభించి, తమిళనాడు ప్రభుత్వము దానికి జి.డి. నాయుడుగారి పేరు పెట్టినది.