పొగలో దుమ్మును ఒడిసిపట్టిన కాట్రెల్

కడిగి ముగ్గేసిన వాకిలి మధ్యాహ్నానికి దుమ్ము పట్టిందంటే మనకు ఉసూరుమంటుంది. ఆ దుమ్మే పిల్లల ఊపిరితిత్తుల్లోకీ పోతుంది కదా! ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వాళ్లకు యర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల పొగగొట్టాలు కొత్తకాదు. ఆ దగ్గర్లోనే బొగ్గుతో నడిచే థర్మల్ కేంద్రమూ ఉంది. ఇలాంటి చోట్ల పొగలోని దుమ్మును గొట్టం దాటకుండా పట్టే దారి చూపిన మనిషి ఫ్రెడరిక్ కాట్రెల్.

ఆయన 1877లో అమెరికాలోని ఓక్లాండ్‌లో పుట్టారు. హైస్కూల్లో కెమిస్ట్రీ పాఠాలు చెప్పి, తర్వాత జర్మనీలో చదివి 1902లో డాక్టరేట్ అందుకున్నారు. బర్క్‌లీలో అధ్యాపకుడిగా ఉండగా, ఆమ్లం ఫ్యాక్టరీ గాలిలో తేలే సన్నని తుంపరలను పట్టడమెలాగన్న ప్రశ్న ఆయన ముందుకొచ్చింది.

తల దువ్విన ప్లాస్టిక్ దువ్వెన కాగితం ముక్కల్ని లాక్కుంటుంది, చూశారా? ఆయన ఉపాయం కాస్త అలాంటిదే. ఎక్కువ వోల్టేజీ ఉన్న తీగల మధ్యనుంచి పొగను పంపితే దుమ్ము రేణువులకు విద్యుదావేశం వస్తుంది. అవి పక్కనున్న రేకులకు అంటుకుంటాయి. రేకుల్ని తట్టితే కింద రాలిపడతాయి. నూలు చుట్టిన తీగ మీద లేచిన పోగులే ఆయనకు దారి చూపాయట. 1908లో పేటెంటు వచ్చింది.

కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో సిమెంటు దుమ్ము తమ నారింజ తోటల్ని కప్పేస్తోందని రైతులు కోర్టుకెక్కారు. ఆ ఫ్యాక్టరీలో కాట్రెల్ యంత్రం పెట్టాకే దుమ్ము దారికొచ్చింది.

ఇంకొకరైతే ఆ పేటెంట్లతో మేడలు కట్టేవారు. ఆయన మాత్రం 1912లో వాటిని రీసెర్చ్ కార్పొరేషన్ అనే సంస్థకు ఇచ్చేశారు. ఆ సొమ్ము ఎందరో శాస్త్రవేత్తల పరిశోధనలకు ఊతమైంది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో సహజవాయువు నుంచి హీలియం వేరుచేసే పనిలోనూ ఆయన పాలుపంచుకున్నారు. 1948లో కన్నుమూశారు.

ఈ యంత్రం దుమ్మునే పడుతుంది. గంధకపు వాయువులను పట్టాలంటే వేరే ఏర్పాట్లు కావాలి. పైగా కరెంటు ఆపినా, రేకులు శుభ్రం చేయకపోయినా దుమ్ము మళ్లీ బయటికే. పులివెందుల చీనీ తోటల వాళ్లకు ఆ నారింజ రైతుల బాధ వేరే చెప్పాలా? ఆకు మీద దుమ్ము పేరుకుంటే చెట్టుకు ఎండ అందదు. వాళ్లు నోరు విప్పి అడిగారు, కాట్రెల్ ఉపాయం చెప్పారు. యంత్రం పెట్టారా అని మాత్రమే కాదు, రోజూ నడుస్తోందా అని కూడా అడగాల్సింది మనమే.